తప్పిపోయిన మూడడుగులు

ఆ ఇంట్లో నలభై ఒక్క మెట్లున్నాయని వీధి మొత్తానికి తెలుసు. ఎక్కేటప్పుడు టైలరమ్మ వాటిని లెక్కపెడుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో మనసులోనే లెక్కపెట్టుకునేది. తర్వాత కొన్నేళ్ళు పెదవులు కదిలేవి. ఇప్పుడు గొంతెత్తి లెక్కపెడుతుంది. ముప్పై దాటాక అంకె వినిపించదు, మూలుగొక్కటే వినిపిస్తుంది.

ఇల్లు నూట అరవై ఏళ్ళనాటిది. వెడల్పు ఒక గది, పొడవు మూడు గదులు, ఎత్తు మూడంతస్తులు. ఒక పక్క ఇల్లు ఆనుకుని ఉంది, రెండో పక్క మనిషి గొడుగు విప్పలేనంత సందు. కట్టించినవాడు కొవ్వొత్తుల వ్యాపారి. సరుకు కింద, సంసారం మధ్యలో, పనివాళ్ళు పైన. పై కిటికీ నెత్తిన ఒక దూలం వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని చివర ఇనుప కొక్కెం. బరువైన సామానంతా తాడు కట్టి ఆ కొక్కెం మీదుగానే పైకి లాగేవారట, మెట్లు అంత ఇరుకు మరి. కొవ్వొత్తుల తర్వాత ఆ ఇంట్లో కొన్నాళ్ళు బడి నడిచింది. తర్వాత గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన దగ్గర టైలరమ్మ మామగారు కొన్నారు. ఇన్ని చేతులు మారినా మెట్ల గురించి ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు. కొవ్వొత్తుల వ్యాపారికి నలుగురు పనివాళ్ళుండేవారు. టైలరమ్మకి ఉన్నవి రెండు మోకాళ్ళు, అందులో ఒకటే చెప్పిన మాట వింటుంది.

పై అంతస్తులో భర్త అక్కగారు ఉంటుంది. టైలరమ్మకి వదిన. కీళ్ళనొప్పుల వల్ల ఆవిడ కిందికి దిగి ఎనిమిది నెలలైంది. ఆవిడ దిగదు కానీ ఆవిడ గొంతు దిగుతుంది.

"ఏమ్మాయ్! కాఫీ!"

"వస్తున్నా వదినా!"

"పంచదార తక్కువెయ్యి! అట్లాగే నా కళ్ళజోడు నీ కుట్టుమిషను మీద మర్చిపోయావు, అదీ పట్రా!"

రోజుకి తొమ్మిదిసార్లు. వదిన చెడ్డదేమీ కాదు. ఎప్పుడూ ఒకేసారి రెండు పనులు చెబుతుంది, మూడోది మాత్రం టైలరమ్మ కిందికి దిగాకే గుర్తొస్తుంది. టైలరమ్మకి విసుగు కూడా రావడం మానేసింది. విసుక్కోవడానికైనా కాస్త ఊపిరి మిగలాలి కదా.

దీనికి మార్గం కనిపించక కాదు. కింద ముందుగది కుట్టుకొట్టు, మధ్యగది వంటిల్లు, దాని వెనక చిన్నగది. వదినని ఆ చిన్నగదిలోకి దింపితే మెట్ల గొడవే ఉండదు. కానీ చిన్నగది గుమ్మం అడుగున్నర వెడల్పు. దొంగ ఎవడైనా డబ్బుపెట్టె ఎత్తుకుని పారిపోకుండా కొవ్వొత్తుల వ్యాపారి అలా కట్టించాడు. అందులోంచి వదిన వెళుతుంది, పక్కకి తిరిగి. ఆవిడ మంచం వెళ్ళదు. ఒక్క మేకు లేకుండా బిగించిన మంచం అది, దూలం మీదుగా పైకి వచ్చింది. ఆ మంచం మీద తప్ప ఆవిడకి నిద్ర పట్టదు.

"మంచం విప్పించి తెద్దాం వదినా," అంది టైలరమ్మ ఒకసారి.

"నన్నూ విప్పి తీసుకుపో," అంది వదిన.

ఇక మిగిలింది గోడ కొట్టి గుమ్మం పెద్దది చెయ్యడం. ఆ ఇల్లు పాత కట్టడాల శాఖవారి జాబితాలో ఉంది. గోడకి క్యాలెండరు తగిలించుకోవాలన్నా దరఖాస్తు పెట్టాలి. ఏడాదికి ఒక్కసారే దరఖాస్తులు తీసుకుంటారు, ఆఖరి రోజు ఇవాళే. టైలరమ్మ భర్త పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు దగ్గర పనిచేస్తాడు. ఈ పని కోసమే సెలవు పెట్టాడు. పొద్దున్నే దరఖాస్తు నింపి, పదింటికి ఆ శాఖ ఆఫీసులో ఇచ్చి, మధ్యాహ్నం ఇంటికొచ్చి హాయిగా పడుకోవాలని ఆయన పథకం.

దరఖాస్తులో అన్నీ నింపాడు. ఒక్క గడి మిగిలింది. ఇంటి పొడవు, బయటివైపు, యజమాని స్వయంగా కొలిచినది. లోపలి కొలతలు కిందటి నెలలోనే శాఖలో నక్షాలు గీసే ఆయన వచ్చి రాసుకుపోయాడు. టైలరమ్మ కాఫీతో పైకెళ్ళింది. ఆయన చుట్టూ చూసి, మిషను పక్కన మేకుకి వేలాడుతున్న ఆవిడ టేపు తీసుకుని సందులోకి నడిచాడు.

ఆ టేపు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. తొమ్మిదేళ్ళ కిందట దాని మొదటి కొసనున్న ఇత్తడి బిళ్ళ ఊడి, ఎవరి కోటుకో చిక్కుకుని దారం లాగేసింది. టైలరమ్మకి ఒళ్ళు మండి, కత్తెర తీసుకుని మొదటి నాలుగంగుళాలు కత్తిరించి పారేసింది. అప్పటినుంచి టేపు ఎంత చూపిస్తే అందులోంచి నాలుగు తీసేసి రాసుకుంటుంది. ఊళ్ళో ఆవిడ కుట్టిన చొక్కా ఒక్కటీ బిగుతు కాలేదు, వదులు కాలేదు. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి.

భర్త టేపు అటు చివర గోడ మూలకి ఆనించి, ఇటు చివర అరవై అంగుళాలు చూసి సుద్దతో గీత పెట్టాడు. ఐదడుగులు. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ గీత. సరిగ్గా తొమ్మిదిసార్లకి వెనక మూల వచ్చింది. తొమ్మిదైదులు నలభై ఐదు. పొల్లు లేకుండా వచ్చినందుకు ఎంతో ముచ్చటపడి, టేపు జేబులో వేసుకుని ఆఫీసుకి బయల్దేరాడు.

ఆఫీసులో కౌంటరు గుమాస్తా దరఖాస్తు పక్కన నక్షా పెట్టుకుని చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బయట నలభై ఐదా?"

"నలభై ఐదండీ."

"గోడల మందంతో సహా మా నక్షాలో నలభై రెండే ఉంది. మిగతా మూడడుగులు ఏవి?"

"నాకేం తెలుసండీ? నేను కొలిచింది రాశాను."

"ఎక్కడో తప్పు కొలిచుంటారు."

ఆ మాట అనకుండా ఉండవలసింది. భర్త నెమ్మదస్తుడు, ఇంట్లో ఎవరేమన్నా తల ఊపుతాడు. తూనికా కొలతా దగ్గర మాత్రం ఆయనకి పౌరుషం ఎక్కువ.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా పార్సిళ్ళు తూస్తున్నానండీ! ఒక్కసారి, ఒక్క గ్రాము తేడా వచ్చిందని ఎవరినైనా అనమనండి!"

గొంతు విని లోపలినుంచి నక్షాలాయన వచ్చాడు. సంగతి విన్నాడు. ఆయన మొహం కూడా ఎర్రబడింది.

"అంటే నా కొలత తప్పంటారా? ఉక్కు టేపుతో, మూడుసార్లు కొలిచాను నేను!"

"నేను తొమ్మిదిసార్లు పెట్టి కొలిచాను!"

"ఇద్దరిదీ ఒప్పే," అన్నారెవరో వెనకనుంచి.

చరిత్ర మాస్టారు. బళ్ళో రిటైరయ్యాక రోజూ ఆ ఆఫీసుకొచ్చి, బెంచీమీద కూర్చుని పాత దస్త్రాలు చదువుకుంటారు. ఆ వీధి గురించి ఒక చిన్న పుస్తకం కూడా రాశారు. దాన్ని వీధిలో అందరూ ఉచితంగా తీసుకున్నారు, ఎవరూ చదవలేదు. ఆయన ఇద్దరి మధ్యకీ వచ్చి నక్షామీద వేలు పెట్టారు.

"ఇద్దరి కొలతా నిజమే. అబద్ధమాడుతున్నది గోడ. కొవ్వొత్తుల వ్యాపారి ఇల్లు కదూ ఇది? ఇంత వ్యాపారం చేసినవాడికి ఒక రహస్యపు అర లేకుండా ఉంటుందా? నేను ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను!"

తప్పు ఎవరిదీ కాదనేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ ఒక్కసారే తలూపారు. ఆ మధ్యాహ్నం శాఖవారి వ్యాను ఖాళీగా ఉండటం, తాపీమేస్త్రీ కూడా ఖాళీగా ఉండటం, శాఖ ఇన్‌స్పెక్టరుగారికి చాలాకాలంగా చెప్పుకోదగ్గ పనేదీ తగలకపోవడం, మూడూ కలిసొచ్చాయి. దరఖాస్తుని మాత్రం గుమాస్తా పక్కన పడేశాడు.

"ముందు మూడడుగులు తేలనివ్వండి. గుమ్మం సంగతి తర్వాత."

"ఇవాళే ఆఖరి రోజు కదండీ!"

"వచ్చే ఏడాది కూడా ఆఖరి రోజుంటుంది."

ఇంట్లో టైలరమ్మ పొద్దున్నుంచీ టేపు వెతుకుతోంది. ఒక ఆసామీ కోటు కొలతలివ్వడానికొచ్చి గంట కూర్చుని వెళ్ళిపోయాడు. మిషను కింద చూసింది, గుడ్డల కుప్పలో చూసింది. ఒకవేళ కాఫీతోపాటు పైకి తీసుకెళ్ళి అక్కడే వదిలేశానేమోనని, కళ్ళనీళ్ళపర్యంతమై, నలభై ఒక్క మెట్లూ ఎక్కింది.

"నీ టేపు నాకెందుకే?" అంది వదిన. "వచ్చావు కదా, ఆ కిటికీ తెరువు. కింద ఏదో గోలగా ఉంది, వ్యానొచ్చినట్టుంది."

టైలరమ్మ సందువైపు కిటికీ తెరిచి వంగి చూసింది. కింద భర్త గోడ పక్కన వంగి ఉన్నాడు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని "ఐదు... ఆరు..." అని లెక్కపెడుతున్నారు. ఇన్‌స్పెక్టరు సందు మొదట్లోనే నిలబడి, "మీరే కొలవండి. సందు మునిసిపాలిటీది, ఇక్కడ నా చెయ్యి ఆడదు," అంటున్నాడు. భర్త చేతిలో పచ్చటి టేపు.

"తొమ్మిది! నలభై ఐదు! చూశారా?" అని అరిచారు మాస్టారు. లోపలినుంచి నక్షాలాయన కూడా, "నలభై రెండు! నాలుగోసారి!" అని అరిచాడు.

టైలరమ్మకి తొమ్మిదిసార్లు నాలుగంగుళాలు లెక్కపెట్టడానికి అరక్షణం పట్టలేదు. ముప్పై ఆరంగుళాలు. మూడడుగులు.

"అయ్యో రామా!" అంది.

"ఏమైందే?"

"నా టేపు, వదినా! నా టేపుతో కొలుస్తున్నారు!"

"అయితే ఏం? అరిగిపోతుందా?"

టైలరమ్మ మెట్లవైపు నడిచింది. కిటికీలోంచి అరవచ్చు, కానీ అంతమంది మగవాళ్ళ ముందు మొగుడి పరువు మూడో అంతస్తునుంచి కింద పడేయడం బాగుండదు. చెవిలో చెప్పాలి. గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగడం మొదలుపెట్టింది. ముప్పయ్యో మెట్టు దగ్గర అందరూ ఇంట్లోకి వచ్చిన చప్పుడు వినిపించింది. ఇరవయ్యో మెట్టు దగ్గర వంటింటి గోడమీద టకటకా కొడుతున్న చప్పుడు. పదో మెట్టుమీద మోకాలు మొరాయించింది, కాసేపు కూర్చుంది. అక్కడినుంచి ఇన్‌స్పెక్టరు కాగితం చదవడం స్పష్టంగా వినబడింది.

"శాఖ తెరిచిన గోడను ఎవరూ ఎప్పటికీ పూడ్చరాదు. అయితే యజమాని ఇచ్చిన కొలత తప్పని తేలిన పక్షంలో, సదరు యజమానియే గోడను స్వయంగా పూర్వస్థితికి తేవలెను. ఆలోచించుకునే సంతకం పెట్టండి. ఒకసారి కొట్టామంటే ఆ కన్నం మీకు శాశ్వతం."

"నా కొలత తప్పయితే కదా," అన్నాడు భర్త. కలం గీసిన చప్పుడు.

టైలరమ్మ లేచి మిగిలిన పది మెట్లూ దిగి వంటింట్లోకి వచ్చింది. మేస్త్రీ సమ్మెట ఎత్తాడు.

"ఆగండి!"

అందరూ ఇటు తిరిగారు. మేస్త్రీ సమ్మెట దించాడు. భర్త కంగారుగా దగ్గరికొచ్చి, "ఏమైందే?" అన్నాడు.

ఆవిడ నోరు తెరిచింది. అప్పుడే ఎదురుగా గోడ కనిపించింది. వంటింటికీ చిన్నగదికీ మధ్య గోడ, ఎనిమిది నెలలుగా ఆవిడ కలలోకొస్తున్న గోడ. దానిమీద, ఆ అడుగున్నర గుమ్మం పక్కనే, మేస్త్రీ సుద్దతో పెద్ద చట్రం గీశాడు. ఎత్తు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. వదిన మంచం వెడల్పు మూడున్నర. ఆ కొలత మాత్రం ఆవిడ తన టేపుతో తనే తీసుకుంది.

టైలరమ్మ జన్మలో ఎవరినీ మోసం చేయలేదు. మిగిలిపోయిన గుడ్డముక్కలు కూడా పొట్లం కట్టి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తుంది. తెరిచిన నోరు అలాగే ఉంచి, సుద్దగీత వంక చూసింది, కాగితం మీద సంతకం వంక చూసింది. మోకాళ్ళు రెండూ ఒక్కసారే కలుక్కుమన్నాయి.

"చెప్పండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అబ్బే, ఏం లేదు. కాస్త ఎడమకి కొట్టండి. అటైతే మంచం..." నాలిక్కరుచుకుంది. "అటైతే బోలుగా వినిపిస్తుంది."

మాస్టారు గోడకి చెవి ఆనించారు. "అవునవును! బోలే! అమ్మకి తెలుసు!"

గోడకి అవతల గది ఉన్నప్పుడు కాస్త బోలుగా వినిపించక ఏమవుతుందని ఎవరూ అడగలేదు. మేస్త్రీ సున్నపు పెళ్ళలు రాల్చుతూ రెండు గంటలు కొట్టాడు. వంటిల్లంతా తెల్లటి దుమ్ము. పైనుంచి వదిన, "ఏమ్మాయ్! ఇల్లు కూలుతోందా? కూలేలోపల కాఫీ ఇస్తావా?" అని ఒకటే కేకలు. ఆఖరి రాయి అవతలికి పడగానే మాస్టారు టార్చిలైటుతో కన్నంలోకి తల దూర్చారు. అక్కడినుంచే కేకపెట్టారు.

"అర! నిజంగానే అర! బట్టలున్నాయి లోపల! నల్లటి బట్టలు! ఆ కాలంనాటివే!"

"అవి వెనక వీధి లాయరుగారి ప్యాంట్లండీ," అంది టైలరమ్మ. "పదకొండేళ్ళయింది, తీసుకెళ్ళలేదు."

మాస్టారు తల బయటికి తీశారు. జుట్టునిండా సున్నం. ఆయన్ని చూసి టైలరమ్మకి నిజంగానే జాలేసింది. ముప్పై ఏళ్ళుగా ఆయనకి కావలసింది ఒక్క అర, తనకి కావలసింది ఒక్క గుమ్మం. ఇద్దరిలో ఒకరికే దొరికింది. ఆయనకి కుర్చీ వేసి, పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేసి కాఫీ ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నిబ్బరంగా కాగితంమీద రాసుకున్నాడు. మూడడుగులు ఇక్కడ లేవు, వెతుకులాట కొనసాగును.

మర్నాడు నలుగురు మనుషులు పై దూలానికి తాడు వేసి మంచాన్ని కిటికీలోంచి దింపారు. మంచం కట్టడంలో భాగం కాదని శాఖవారే చెప్పారు. వదిన మెట్లమీద కూర్చుని, ఒక్కొక్క మెట్టే జరుగుతూ, ఒక్కొక్క మెట్టుకీ కొవ్వొత్తుల వ్యాపారి వంశాన్ని తిడుతూ, గంటంబావులో దిగింది. కన్నంలోంచి మంచం గోడకి తగలకుండా లోపలికి వెళ్ళింది. టైలరమ్మ పొయ్యి దగ్గరనుంచి నాలుగడుగులు నడిచి కాఫీ ఇచ్చి, నాలుగడుగులు వెనక్కి నడిచి, మిషను ముందు కూర్చుంది. ఎందుకో ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా ఒక చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది.

ఆ సుఖం తొమ్మిది రోజులుంది. పదో రోజున ఇన్‌స్పెక్టరు లక్క, దారం పట్టుకుని వచ్చాడు.

"మూడడుగులు కింద లేవని రుజువైంది కాబట్టి పైనే ఉండాలి. వెతికేదాకా పై రెండంతస్తులకీ సీలు వేస్తున్నాం. గంటలో కావలసినవి తెచ్చుకోండి."

"మేమెక్కడ ఉండాలండీ?" అన్నాడు భర్త నోరెళ్ళబెట్టి.

"కింద మూడు గదులున్నాయి కదా! నలభై రెండడుగులు. మీ లెక్కలో నలభై ఐదు."

మెట్ల మొదట్లో దారం కట్టి సీలు వేసి వెళ్ళిపోయాడు. ముగ్గురు మనుషులు, ఒక కుట్టుమిషను, మూడు పెట్టెలు, లాయరుగారి ప్యాంట్లు. భర్తకి గుడ్డలు కత్తిరించే బల్ల కింద చోటు దొరికింది. వదిన మంచంమీద కూర్చుంటే కన్నంలోంచి వంటిల్లూ, కొట్టూ, వీధీ అన్నీ కనిపిస్తాయి. వచ్చిన ప్రతి ఆసామీకి ఆ రంగు నప్పదని చెబుతుంది. ఎనిమిది నెలల తర్వాత మనుషుల మొహాలు చూస్తోందేమో, ఆవిడ ఆరోగ్యం రోజురోజుకీ బాగుపడుతోంది. భర్తది పాడవుతోంది.

"బల్ల కింద నా వల్ల కాదే," అన్నాడు నాలుగో రోజున నడుం పట్టుకుని. "ఆ మూడడుగులూ ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి."

టైలరమ్మ మేకుమీది టేపు తీసి, కత్తిరించిన చివర ఆయన చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. అంకెలు ఐదుతో మొదలయ్యాయి. ఇంకాసేపు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు మొత్తం మొహంలోంచి దిగిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెప్పడానికే దిగాను. దిగేసరికి మీరు సంతకం పెట్టేశారు."

"ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. నాదే తప్పని ఒప్పుకుంటాను. సీలు తీసేస్తారు."

"వెళ్ళండి," అంది ఆవిడ. సంతకం పెట్టిన కాగితం నకలు తెచ్చి ఇచ్చింది. "వెళ్ళేముందు ఇది చదవండి. గోడ మీరే కట్టాలి. ముందు మీ అక్కయ్యగారి మంచం బయటికి రావాలి. పైకి ఎక్కించాలి. ఆవిణ్ణి కూడా. ఆ తర్వాత కాఫీలు, రోజుకి తొమ్మిదిసార్లు. సగం మీరు ఇస్తానంటే ఇప్పుడే బయల్దేరండి."

ఆయన చదివాడు. చెప్పులేసుకున్నాడు. దారం కట్టిన మెట్లవైపు తలెత్తి, చీకట్లో ఎక్కడికో పోతున్న వాటి వంక కాసేపు చూశాడు. చెప్పులు విడిచి బల్ల కిందికి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత శాఖవారి ఉత్తరం వచ్చింది. పోస్టాఫీసునుంచి ఆయనే తెచ్చాడు, దార్లోనే విప్పి చదివేసినట్టున్నాడు, మొహం వేలాడేసుకుని వచ్చాడు. వెతికే ఉద్యోగి శాఖ మొత్తానికి ఒక్కరే ఉన్నారనీ, వారికి మోకాళ్ళనొప్పుల వల్ల మెట్లు ఎక్కడం కష్టంగా ఉందనీ, కాబట్టి వెతుకులాట పూర్తికావడానికి రెండేళ్ళ గడువు తీసుకుంటున్నామనీ అందులో ఉంది.

"రెండేళ్ళటే!" అన్నాడు భర్త కుర్చీలో కూలబడి. "రెండేళ్ళు ఈ బల్ల కిందే!"

టైలరమ్మ మిషను ఆపి, ఉత్తరం తీసుకుని మొదటినుంచి చివరిదాకా నింపాదిగా చదివింది.

"గడువు పొడిగించమని దరఖాస్తు పెట్టుకునే వీలుందేమో కనుక్కోండి," అంది.